నాయుడుగారి తొలినాటి క్రికెట్టు

సాయంకాలము గంట కొట్టగనే బ్యాటును బంతియు గొని మైదానమునకు బరుగెత్తు మన బాలురకు కొట్టారి కనకయ్య నాయుడుగారి పేరు క్రొత్తది కాదు. 1932వ సంవత్సరమున భారతదేశపు మొదటి టెస్టు జట్టునకు వారు నాయకులైరని యనేకు లెఱుగుదురు. అంతకు బూర్వము వా రెట్లు పైకి వచ్చిరో యెఱిగినవారు మాత్రము కొలదిమంది.

నాయుడుగారు 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరులో జన్మించిరి. వారిది అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబము. తండ్రి సూర్యప్రకాశరావు నాయుడుగారు కేంబ్రిడ్జిలో జదివినవారు. కుమారుడు చదివినదియు, బ్యాటు పట్ట నేర్చినదియు హిస్లాపు పాఠశాలలో. అదియు మన పాఠశాలవలెనే మిషనువారిదే యని చెప్పుకొనుట మనకొక చిన్న సంతోషము.

ఆ కాలమున బొంబాయిలో ఏటేట జరుగు చతుర్వర్గ పోటీయే దేశమున మిక్కిలి పేరుగన్నది. యూరోపియనులు, పార్సీలు, హిందువులు, మహమ్మదీయులు వేర్వేరు జట్లుగా నాడెడివారు. మతమునుబట్టి జట్లు కట్టుట నేడు మనకు వింతగా దోచును, అదియు సహజమే. 1946తో నా పోటీ ముగిసినది. కాని యువకుడైన యాటగాడు తన శక్తిని జూపుటకు నాడు అంతకు మించిన వేదిక లేకుండెను.

1916లో ఇరువది యేండ్లు దాటిన నాయుడుగారు హిందువుల పక్షమున యూరోపియనులతో నాడుటకు దిగిరి. వారు మైదానమున నడుగిడునప్పటికి జట్టు పరుగులు 79. పడిపోయిన వికెట్లు 7. పది వికెట్లు పడిన నాట ముగియును గదా! ఇక మూడు మాత్రమే మిగిలినవి. క్రొత్తవాడు తడబడినచో జట్టునకే గాక తనకును మరల నవకాశము దొరకుట కష్టము. ఆయన మొదటి మూడు బంతులను నిదానముగా నడ్డుకొనిరి. నాలుగవదానిని సరిహద్దు మీదుగా నెగురగొట్టిరి. అది సిక్సరు, ఆ పోటీలో వారి మొదటి పరుగు లవియే. మన బాలు రీ నాలుగవ బంతిని గూర్చి యుత్సాహముగా జెప్పుకొందురే గాని, అంతకు ముందటి మూడింటిని మఱచుచుందురు. బంతి యెట్లు లేచుచున్నదో, ఎంత వేగముగా వచ్చుచున్నదో ఆ మూడింటివలననే గదా తెలియును!

వారు పొడగరులు, చేతులు దీర్ఘములు. బంతి నేలను దాకుచోటికి ముందునకు జొచ్చి కొట్టుట వారి పద్ధతి. ఇందు లాభమున్నంత యపాయమును గలదు. బంతి తప్పినచో వెనుకనున్న వికెట్టుకీపరు తత్క్షణమే స్టంపు చేయును.

1923లో ఇందూరు హోల్కరు మహారాజుగారు వారిని దమ సంస్థానమునకు బిలిపించుకొని సైన్యమున కెప్టెను పదవి నొసగిరి. పిదప 1926లో గిల్లిగను దొర నాయకత్వమున ఇంగ్లండునుండి ఎం.సి.సి. జట్టు వచ్చెను. బొంబాయి జింఖానా మైదానమున హిందువులతో జరిగిన యాటలో ఆ జట్టువాడైన ఎర్లు దొర 8 సిక్సర్లతో 130 పరుగులు చేసి చూపఱుల నబ్బురపఱచెను. డిసెంబరు 1వ తేదీన నాయుడుగా రందులకు బదులు చెప్పిరి: 116 నిమిషములలో 153 పరుగులు, 11 సిక్సర్లు, 13 ఫోర్లు! అనగా 118 పరుగులు సరిహద్దు దెబ్బలవలననే వచ్చినవి. ఎదిరి జట్టువారే మెచ్చి వారికి వెండి బ్యాటును బహూకరించిరి.

ఈ యాట ఫలము నాయుడుగారితోనే నిలిచిపోలేదు. మనవారు టెస్టు ఆటలకు దగుదురను నమ్మకము గిల్లిగను దొరకు గలిగెను. 1928లో భారత క్రికెట్టు బోర్డు స్థాపింపబడెను. 1932 జూను 25వ తేదీన లార్డ్సు మైదానమున మన మొదటి టెస్టు ప్రారంభమయ్యెను. బంతి నాపబోయి చేతికి దెబ్బ తగిలినను నాయుడుగారు బ్యాటు పట్టి 40 పరుగులు చేసిరి. మన జట్టు మొదటి యిన్నింగ్సులో చేసిన 189 పరుగులలో నవియే యెక్కువ.