బల్ల దగ్గర ఎవరు నిలబడాలి? – ఆంగ్లికన్ సంఘంలో స్త్రీల గురుత్వం

చర్చి ఊడ్చేది స్త్రీలు. పాటెత్తేది స్త్రీలు. బైబిలు స్త్రీలుగా పల్లెపల్లె తిరిగిందీ వాళ్లే. కానీ ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర నిలబడి రొట్టె విరిచే హక్కు ఎవరిదంటే మాత్రం సంఘం శతాబ్దాల పాటు మగవాడి వైపే చూసింది. ఆంగ్లికన్ సంఘంలో ఈ విషయమై సాగిన తగాదా మనకెందుకు? బిషప్ అజరయ్య కాలంలో దోర్నకల్ అధ్యక్ష మండలంలో క్రైస్తవులైన వాళ్లలో అత్యధికులు మాల మాదిగలే. ఆ సంఘాలు 1947లో దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిశాయి. సి.ఎస్.ఐ. నేడు ఆంగ్లికన్ కూటమిలో సభ్యురాలు. కాబట్టి ఇది మన ఇంటి తగాదా కూడా.

ఆంగ్లికన్ పద్ధతిలో అభిషేకానికి మూడు మెట్లున్నాయి: డీకన్, గురువు, బిషప్. డీకన్ వాక్యం చెప్పొచ్చు, సేవ చేయొచ్చు. రొట్టెను, ద్రాక్షారసాన్ని ప్రతిష్ఠించేది గురువు. గురువులను అభిషేకించేది బిషప్. స్త్రీ సేవ చేస్తానంటే పెద్దగా అడ్డు లేదు. పై రెండు మెట్లెక్కుతానన్నప్పుడే గొడవ.

మొదటి స్త్రీ గురువు ఇంగ్లండులో పుట్టలేదు. యుద్ధకాలంలో మకావు సంఘానికి గురువులు చేరలేని స్థితి. అక్కడ డీకనెస్‌గా ఉన్న చైనా స్త్రీ ఫ్లోరెన్స్ లీ టిమ్-ఓయ్‌ని హాంకాంగ్ బిషప్ హాల్ 1944లో గురువుగా అభిషేకించాడు. యుద్ధం ముగిసింది, అవసరం తీరింది. పైనుంచి వచ్చిన ఒత్తిడికి ఆమె 1946లో ఆ బాధ్యతలు వదులుకోవాల్సి వచ్చింది. అవసరానికి వాడుకోవడం, తీరాక పక్కన పెట్టడం మనకు కొత్త కాదు. అమెరికాలో 1974లో అనుమతి లేకుండానే 11 మంది స్త్రీలు అభిషేకం పొందారు. వాళ్లకు చోటిచ్చింది ఫిలడెల్ఫియాలోని నల్లజాతి వారి చర్చి. ఆనాడు సిలువ పట్టుకుని ముందు నడిచిన నల్లజాతి స్త్రీ బార్బరా హారిస్ 1989లో ఆంగ్లికన్ కూటమిలోనే మొదటి మహిళా బిషప్ అయింది. సి.ఎస్.ఐ. 1976 నుంచే స్త్రీలను అభిషేకిస్తోంది. ఇంగ్లండు సంఘం ఆ పని చేసింది 1994లో.

వ్యతిరేకుల వాదన ఏమిటి? పన్నెండుమంది శిష్యులూ మగవాళ్లే, బల్ల దగ్గర గురువు క్రీస్తుకు ప్రతినిధి, కనుక మగవాడే కావాలంటారు. ఆ పన్నెండుమందీ యూదులు కూడా. గురువు యూదుడై ఉండాలని ఎవరూ అడగలేదు. పుట్టుకలోంచి ఒక్క గుర్తునే ఏరుకుని దాన్నే అర్హత చేయడం ఏ శాస్త్రమో కులం చేతిలో దెబ్బతిన్నోళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పునరుత్థాన వార్తను మొదట మోసింది మగ్దలేనే మరియ అన్నది ఈ వాదనలో ఎక్కడా లెక్కకు రాదు.

ఇంగ్లండు రాజీ ఇంకా ఆలోచించదగ్గది. స్త్రీ గురువులను ఒప్పుకోని సంఘాల కోసం 1993లో ప్రత్యేక బిషప్పులను ఏర్పాటు చేశారు. జనం వాళ్లకు ‘ఎగిరే బిషప్పులు’ అని పేరు పెట్టారు. స్త్రీని అభిషేకించిన బిషప్ చెయ్యి తమకు వద్దన్న సంఘాలకు వేరే చెయ్యి దొరికింది. ఇది మైల కాదు, సంస్కారం చెల్లుతుందా లేదా అన్న సందేహం మాత్రమేనని వాళ్ల జవాబు. కావచ్చు. కానీ హోటల్లో రెండు గ్లాసులు చూసినోళ్లకు ఆ జవాబు తేలిగ్గా మింగుడు పడదు. మహిళా బిషప్పుల ప్రతిపాదన 2012లో సామాన్య విశ్వాసుల సభలో ఆరు ఓట్ల తేడాతో వీగిపోయి 2014లో నెగ్గింది. అప్పుడూ పురుష బిషప్‌ను కోరుకునే వీలు ఉంచారు. 2025 అక్టోబర్‌లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ పదవికి మొదటిసారి ఒక స్త్రీని, సారా ములాలీని ఎంపిక చేసినా ఆ వీలు పోలేదు.

మన దగ్గర 2013 సెప్టెంబర్ 30న ఇ. పుష్పలలిత నంద్యాల బిషప్‌గా అభిషేకం పొందారు. సి.ఎస్.ఐ.లో మొదటి మహిళా బిషప్ ఆమే. 1947లో ఐక్యతకు ఒప్పుకోక చాలామంది ఆంగ్లికన్లు విడిగా నిలిచిపోయిన ప్రాంతం అది.

ఒక్క పీఠంతో లెక్క సరిపోదు. స్కూళ్లు, ఆసుపత్రులు, భూములు, బదిలీలు, ఓట్లు – సంఘంలో అధికారం అసలు వీటిలో ఉంది. అభిషేకం పొందిన దళిత స్త్రీకి ఏ పాస్టరేట్ ఇస్తున్నారు? డబ్బు లెక్కలు చూసే కమిటీలో ఆమెకు కుర్చీ ఉందా? దళిత క్రైస్తవ పురుషుడు గుడి పూజారిని అడిగిన ప్రశ్ననే మన ఆడోళ్లు ఇవాళ సంఘాన్ని అడుగుతున్నారు. జవాబు చెప్పాల్సింది ఈసారి మన మగోళ్లే.