ఇంటిలోని పురుగుపుట్ర

మృగశిర కార్తె ప్రవేశించి నాలుగు వానలు పడునప్పటికి జనగామ చుట్టుపట్ల పల్లెలలో ఇంటింట ఒక అలజడి మొదలగును. కట్టెలు తీయబోయిన ఇల్లాలికి మోపు క్రింద తేలు కనబడును. నీళ్ళ గోలెము ప్రక్కనుండి జెఱ్ఱి సరసర ప్రాకి గోడసందున దూరును. దీపము చుట్టును ఉసిళ్ళు మూగును. వానికొఱకు బల్లులును సాలీళ్ళును చీకటి మూలలు విడిచి గోడమీదికి వచ్చును. పురుగుపుట్రతో వేగలేకున్నామని విసుగుకొనని ఇల్లు ఆ దినములలో ఉండదనిన అతిశయోక్తి కాదు.

ఇవి మనపై పగబూని వచ్చునవి కావు. ఈ ప్రాంతపు చలక నేలలలో, బండగుట్టల మొదళ్ళలో, చేలగట్ల నెఱ్ఱెలలో వేసవి యంతయు తల దాచుకొనిన ప్రాణులకు, వాననీరు బొరియ నిండగనే నిలువ నీడ పోవును. అప్పుడు మన ఇల్లు వాని పాలికి నీట మునుగని ఒక పెద్ద పుట్ట. మట్టిగోడలు, గూనపెంకల కప్పు, దూలమునకును వాసమునకును నడుమ చీకటి సందులు గల పాత ఇండ్లలో అవి చోటు వెదకికొన నక్కఱలేదు. సిమెంటు ఇల్లు కట్టినంత మాత్రమున పీడ విరగడ కాదు. స్నానపు గది తూము, తలుపు క్రింద వేలెడు సందు, మిద్దెమీద పేర్చిన పాత సామాను వానికి చాలును.

వీనిని గుర్తించుటకు కాళ్ళు లెక్కించుట మంచి మార్గము. చీమ, బొద్దింక, ఉసిలి, చెదపురుగు ఆరు కాళ్ళవి. ఇవియే నిజమైన కీటకములు. సాలీడు, తేలు, పశువుల నంటు పిడుదు ఎనిమిది కాళ్ళవి. వీని తరగతి వేఱు. తొలకరిలో ఎఱ్ఱని మఖమలు బొట్టువలె నేలపై ప్రాకు ఆరుద్ర పురుగు కూడ ఈ ఎనిమిది కాళ్ళ తరగతిలోనిదే. దానిని చూచి రైతు వానలు కుదిరినవని సంతోషించును. పిల్లలు అరచేతిలో పెట్టుకొని ఆడుకొందురు. దాని దాయాది యైన సాలీడు గోడమీద కనబడినచో అదే పిల్లలు కేకలు వేయుదురు! మన యేవగింపు కాళ్ళను బట్టి కాక, చిన్ననాట పెద్దలు చూపిన ముఖవైఖరిని బట్టి ఏర్పడుచున్నదని మా అభిప్రాయము.

సాలీడును గూర్చి కొంత విపులముగా చెప్పవలసియున్నది. ఏలయన ఇంటిలో అది చేయు మేలు ఎక్కువ, పొందు మన్నన తక్కువ. సాలె యనగా నేతగాడు. కొడకండ్ల వంటి మగ్గముల ఊళ్ళున్న ఈ సీమలో సాలెపురుగను పేరు తిట్టుగా వినబడరాదు. శ్రీకాళహస్తి క్షేత్రనామమునందు మొదటి అక్షరము సాలీడుదే; శ్రీ యనగా సాలీడు, కాళమనగా సర్పము, హస్తి యనగా ఏనుగు అని స్థలపురాణము. ఆ కథను భక్తితో విని, ఇంటికి రాగానే చీపురు తిరుగవేసి దూలము క్రింది సాలీడును నలిపివేయుట మనకు వాడుక యైనది.

సాలీళ్ళలో గూడు అల్లి కాచుకొని యుండునవి కొన్ని, గూడు లేక తిరిగి వేటాడునవి కొన్ని. మూలలయందు సన్నని పొడవు కాళ్ళతో తలక్రిందుగా వ్రేలాడునది మొదటి జాతి. దాని గూడు పాతబడి దుమ్ము పట్టినప్పుడే దానికి బూజని పేరు. బూజు దులుపవలసినదే, కాని అందు కాపురమున్న ప్రాణిని చంపనక్కఱలేదు. కిటికీ అంచున ఈగపై పిల్లివలె దుముకు పొట్టి సాలీడు రెండవ జాతిది. రాత్రివేళ గోడపై అరచేయి యంత వెడల్పున కాళ్ళు చాపి కదలక నిలుచు గోధుమవన్నె సాలీడు కూడ అట్టిదే. దానిని చూచి గుండె జల్లుమనని వారు అరుదు. అది వచ్చినది బొద్దింకలకొఱకు. పొట్టక్రింద తెల్లని బిళ్ళ నొకటి పట్టుకొని తిరుగుచున్నచో అది ఆడుది. ఆ బిళ్ళ దాని గ్రుడ్ల సంచి. సాలీడు నమలలేదు. పట్టిన పురుగునకు విషమెక్కించి, జీర్ణరసముతో కరగించి పీల్చుకొనును. ఆ విషము ఈగకు సరిపడునంతటిది. మన ఇండ్లలో తిరుగు సాలీళ్ళు సామాన్యముగా మనుష్యుని కఱవవు. నలుపబోగా కఱచినను కొంత మంట, కొంత వాపు తప్ప ప్రాణభయము లేదు.

లోకమున నామకరణము పొందిన సాలీడు జాతుల సంఖ్య 2022 నాటికి 50,000 దాటినది. ఇవన్నియు కలిసి ఏటేట 40 కోట్ల నుండి 80 కోట్ల టన్నుల పురుగులను తినునని 2017లో ఇద్దరు శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. మన తెలుగుదేశమునకే సొంతమైన ఒక అద్భుతమైన సాలీడు కలదు. గుత్తి రైల్వే కలప డిపోలో దొరకిన నీలమణి వన్నె గల పెద్ద సాలీడును 1899లో పోకాక్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లోకమునకు పరిచయము చేసెను. అది కలపతోపాటు అక్కడికి వచ్చియుండునని తరువాత తలచిరి. దాని నిజమైన నివాసము నంద్యాల, గిద్దలూరు నడుమ నున్న అడవులలోని చెట్ల తొఱ్ఱలు. ఆ చెట్లు తఱిగిపోవుచుండుటచే నేడది అంతరించిపోవు ప్రమాదము మిక్కుటముగా నున్న జీవుల పట్టికలో చేరియున్నది.

గోడలకు, తలుపు చట్రములకు మట్టిగూళ్ళు కట్టు సన్ననడుము కందిరీగ సాలీడునకు పెద్ద శత్రువు. వేదాంతులు భ్రమరకీట న్యాయమని యొక ఉపమానము చెప్పుదురు: తుమ్మెద యొక పురుగును తెచ్చి గూటిలో నుంచి చుట్టును ఝుంకారము చేయగా, ఆ పురుగు భయముతో దానినే ధ్యానించి ధ్యానించి తుదకు తుమ్మెద యగునట. ఉపమానముగా అది రమ్యము. గూడు పగులగొట్టి చూచినవారికి కనబడునది వేఱు. కందిరీగ సాలీళ్ళను కుట్టి, చంపక, కదలిక మాత్రము పోగొట్టి గూటిలో కుక్కును. వానిపై గ్రుడ్డు పెట్టి మట్టితో మూయును. గ్రుడ్డునుండి వెడలిన పిల్ల ఆ తాజా ఆహారమును తిని పెరిగి, రెక్కలు వచ్చిన పిదప గోడ తొలుచుకొని పోవును. ఈ జాతిలో కొన్ని సాలీళ్ళకు బదులు గొంగళి పురుగులను దాచుకొనును. లోన పెట్టినది పురుగు, వెడలినది కందిరీగ. చూచినవారు రెండును ఒక్కటే యనుకొనుట వింత కాదు. ఈ కందిరీగ ఒంటరిది, గూటిని కాపాడుటకు మనుష్యుల వెంటబడదు.

ఇక జెఱ్ఱి. రోకలిబండను జెఱ్ఱిగా భ్రమించి చంపువారు పలువురు గలరు. రోకలిబండ గుండ్రముగా, నిదానముగా నడచును. ముట్టిన చుట్ట చుట్టుకొనును. ఒక్కొక్క కణుపునకు రెండు జతల కాళ్ళు. కుళ్ళిన ఆకులు తినును. విషపు కోఱలు లేవు. దాని యొడలినుండి కారు ఘాటైన రసము కంటికి తగులకున్న చాలును. జెఱ్ఱి బల్లపరుపుగా నుండును, వేగముగా పరువిడును, కణుపునకు ఒకే జత కాళ్ళు. నూరుకాళ్ళని లోకము పలికినను మన పెద్ద జెఱ్ఱికి సామాన్యముగా 21 జతలే. జెఱ్ఱులలో కాళ్ళ జతల సంఖ్య ఎన్నడును బేసియే యగుట చిత్రము. కనుక సరిగా నూరు కాళ్ళు గల జెఱ్ఱి యుండనేరదు. తల క్రిందనున్న మొదటి జత కాళ్ళే కోఱలుగా మారి విషమెక్కించును. కఱచిన చోట మంట మిక్కిలి తీవ్రము, గంటలకొలది యుండును. సబ్బునీటితో కడిగి, ఓర్వగలిగినంత వేడినీటిలో ఆ భాగమును ముంచియుంచిన ఉపశమనము కలుగును. ప్రాణముపోవుట మిక్కిలి అరుదు.

జెఱ్ఱి యొక్క బలహీనత దాని చర్మములో నున్నది. ఒంటిలోని తడి నిలుపుకొను మైనపు పూత దానికి లేదు. పొడి గాలిలో త్వరగా ఎండి చచ్చును. అందుచేతనే గోలెము మొదట, తడి గోనె క్రింద, తూములలో నుండును. గోలెము క్రింద రాయి పెట్టి ఎత్తుట, తూమునకు జల్లెడ బిగించుట, తడిసిన గోనెలు ఎండలో వేయుట—ఈ మూడు పనులు ఏ మందును చేయలేని మేలు చేయును. చెవిలో జెఱ్ఱి దూరునను భయమునకు కొంత ఆధారము లేకపోలేదు. నేలపై పండుకొనిన వారి చెవిలో ఏ పురుగైనను దూరవచ్చును. అప్పుడు పుల్లతో కెలుకరాదు. వైద్యునియొద్దకు పోవలెను.

బల్లిని గూర్చి ఎక్కువ చెప్పనక్కఱలేదు. అది విషప్రాణి కాదు. అయినను దాని మలమునందు రోగక్రిములుండును గనుక అది పడిన వంటకము పాఱవేయవలసినదే. బొద్దింకయు అట్టిదే, ఉబ్బసము గలవారికి దాని పొట్టు, మలము పడవు.

తేలు విషయమున మాత్రము మేము తేలికగా మాటలాడజాలము. బండల క్రిందనుండు పెద్ద నల్లని మండ్రగబ్బను చూచి జనులు హడలిపోవుదురు; దాని కుట్టు బాధాకరమే గాని సాధారణముగా ప్రాణాంతకము కాదు. భయపడవలసినది సన్నని డెక్కలు, లావైన తోక గల చిన్న ఎఱ్ఱ తేలునకు. అది కుట్టిన పిల్లలకు ఒడలెల్ల చెమటలు పోయుట, వాంతులు, కాళ్ళు చేతులు చల్లబడుట, ఆయాసము కలిగినచో విషము గుండెను పట్టినదని గ్రహింపవలెను. మహారాష్ట్రమున మహాడ్ అను చిన్న పట్టణములో పనిచేసిన హిమ్మత్‌రావు బావస్కర్ అను వైద్యుడు కళ్ళయెదుట చనిపోవుచున్న పల్లె పిల్లలను చూచి ఈ విషము పనిచేయు తీరును పరిశీలించెను. రక్తపు పోటునకు వాడు ప్రజోసిన్ అను మాత్ర దీనికి విరుగుడుగా పనిచేయునని కనుగొని 1980 దశకమున లాన్సెట్ వైద్య పత్రికలో ప్రకటించెను. అటుపిమ్మట మరణములు మిక్కిలి తగ్గినవి. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది. ఆ మాత్రను ఇంటిలో మనమే వేయరాదు. వైద్యుని పర్యవేక్షణలోనే ఇయ్యవలెను.

మంత్రముతో తేలు విషము దిగినదని చెప్పువారు అబద్ధమాడుచున్నారని మేమనము. తేలు కాట్లలో పెక్కు నొప్పితోనే ముగిసి, కొన్ని గంటలలో తమంత తామే తగ్గును. ఆ సమయమున మంత్రించినవానికి పేరు వచ్చును. కాని నూటికి కొన్నింట విషము గుండెకెక్కును. అవి యేవో మొదటి గడియలో ఎవరును చెప్పలేరు. మంత్రము సాగుచుండగా గడచిన రెండు గంటలు చిన్నపిల్లకు మరల రావు. కోయుట, త్రాడు బిగించుట మాని, 108కి కబురు చేసి ఆసుపత్రికి చేర్చవలెను.

నిజమునకు ఇంటిలో ప్రాణములు తీయునవి మనము అసహ్యించుకొనునవి కావు. సాలీడు తిను దోమ వానిలో మొదటిది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికిందరాబాదులోనే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. రెండవది కట్లపాము. మన దేశమున పాముకాటుచే ఏటేట సగటున 58,000 మంది చనిపోవుచున్నట్లు 2020లో ప్రకటితమైన అంచనా. కట్లపాము రాత్రివేళ నేలపై నిద్రించువారిని కఱచును. నొప్పి గాని వాపు గాని అంతగా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వ్రాలుట చూచి పురుగేదో ముట్టినదని ఉపేక్షించుట వలన ఎన్ని ప్రాణములో పోవుచున్నవి. అంచులు పఱుపు క్రింద దోపిన దోమతెర దోమనే కాదు, కట్లపామును, తేలును, జెఱ్ఱిని కూడ దూరముంచును. మంచము గోడకు జానెడు ఎడముగా వేయవలెను. దుప్పటి నేలకు జీరాడరాదు.

మఱియొక ప్రమాదము మనము చేజేతుల తెచ్చుకొనునది. పత్తి చేనికి తెచ్చిన మందులో మిగిలినది ఇంటిమూలల చల్లు వారు గలరు. ఒకప్పుడు ఇంటింట నుండిన గమాక్సిన్ పొడిని ప్రభుత్వము 1997లో నిషేధించినది. 2013లో బీహారు రాష్ట్రమున ఒక బడిలో మోనోక్రోటోఫాస్ కలసిన నూనెతో వండిన భోజనము తిని 23 మంది పిల్లలు చనిపోయిరి. అది పొలమున చల్లు మందే. బొద్దింకలకు చెక్కెర కలిపిన బోరిక్ పొడి ఉండలు పిల్లల చేతికందని చోట పెట్టిన చాలును. ముందుగా సాలీళ్ళు చచ్చుటయు, వెనువెంటనే బొద్దింకలు తిరిగి వచ్చుటయు మందు చల్లిన ఇండ్లలో మేము తఱచు చూచు వింత.

గోడల నెఱ్ఱెలు పూడ్చి సున్నము వేయుట, కట్టెలు పిడుకలు గోడకు దూరముగా ఎత్తున పేర్చుట, చెప్పులు దులిపి తొడుగుట మన పెద్దలెఱిగిన పనులే. భయము వీడని వారు సాలీడుపై గాజు గ్లాసు బోర్లించి, అట్టముక్క నొకటి క్రింద జొనిపి పెరటిలో విడువవచ్చును. వాకిట నాలుగు కోళ్ళున్నచో పగలు తేళ్ళను జెఱ్ఱులను ఏరి తినును. కాని కోళ్ళు నిద్రించిన పిమ్మటగాని తేలు బయలుదేరదు. రాత్రి తిరుగుటకు నీలలోహిత కాంతి నిచ్చు టార్చిలైటు నేడు అంగళ్ళలో దొరకుచున్నది; ఆ వెలుగున తేలు దేహము లేత ఆకుపచ్చగా మెఱసి, కట్టెల నడుమ దాగియున్నను పట్టుబడును.