ఎర్రబడ్డ వాల్వు నేర్పిన పాఠం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. కరెంటు స్తంభాలు కూలిపోయాయి. సెల్‌ఫోన్లు మూగబోయాయి. "మేం క్షేమం" అన్న రెండు ముక్కలు పై ఊరికి చేరవేయడమే కష్టమైంది. ఇలాంటి సమయాల్లో బ్యాటరీతో నడిచే సొంత రేడియో సెట్ల ద్వారా కబుర్లు అందించేవారున్నారు. వారే హాం రేడియో వాళ్ళు. ప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసై, లైసెన్సు తీసుకుని, ఉద్యోగంగా కాక ఇష్టం కొద్దీ రేడియో స్టేషను నడుపుకుంటారు.

తుఫానులో సెట్టు చెడిపోతే మెకానిక్ రాడు. అందుకే మంచి హాం తన సెట్టును తానే బాగుచేసుకోగలగాలి. ఈ విద్య నేను ఒక పాత వాల్వు యాంప్లిఫయరు దగ్గర నేర్చుకున్నాను. ఆ కథ చెప్పేముందు వాల్వు ఎలా పనిచేస్తుందో చూద్దాం.

వాల్వు అంటే ఏమిటి?

గాలి తీసేసిన గాజు బుడ్డి అది. లోపల కేథోడు అనే గొట్టం ఉంటుంది. దాన్ని వేడిచేస్తే ఎలక్ట్రాన్లు బయటికి వస్తాయి. చుట్టూ ఉన్న ప్లేటుకు ధన విద్యుత్తు, అంటే 250 వోల్టుల దాకా ఇస్తే, ఎలక్ట్రాన్లు అటు పరుగెత్తుతాయి. 1904లో ఇంగ్లండులో ఫ్లెమింగ్ తయారుచేసిన వాల్వులో ఉన్నవి ఈ రెండే. 1906లో అమెరికాలో లీ డి ఫారెస్ట్ ఈ రెంటి మధ్యా ఒక సన్నని తీగను చేర్చాడు. దాని పేరు గ్రిడ్.

మీరు చెరువు తూము చూసే ఉంటారు. తలుపు కాస్త పైకెత్తితే నీళ్ళు ఎక్కువగా వస్తాయి, దించితే తగ్గుతాయి. గ్రిడ్ ఆ తలుపులాంటిది. దాని మీద ఋణ వోల్టేజి ఎక్కువైతే ఎలక్ట్రాన్లు తగ్గుతాయి, తక్కువైతే పెరుగుతాయి. తలుపెత్తే చేతి బలం కొంచెమే, పొలానికి పారే నీరు బోలెడు. ఆ నీరు చేతిలోంచి రాదు, చెరువులోంచి వస్తుంది. యాంప్లిఫయరు కూడా శక్తిని సృష్టించదు. పవర్ సప్లై ఇచ్చే శక్తిని చిన్న సంకేతం చెప్పినట్టు పారనిస్తుంది, అంతే.

మా యాంప్లిఫయరు

1980ల చివర నేను కాలేజీలో చదువుతున్నాను. మా ద్వారకా నగర్ వీధిలో, ఓడల్లో వైర్‌లెస్ ఆపరేటరుగా పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఉండేవారు. ఆయనకు హాం లైసెన్సు ఉంది. అప్పటికే ట్రాన్సిస్టర్లు రాజ్యమేలుతున్నా, ఆయన సెట్టు మాత్రం వాల్వులదే. అందులో రేడియో తరంగాలను పంపే వాల్వు 807. రెండో ప్రపంచయుద్ధం తరువాత సైన్యాల మిగులు సామానులో చౌకగా దొరికి, ఎన్నో దేశాల హాంలకు చేరిన వాల్వు అది.

మనం మైకులో మాట్లాడితే పుట్టే విద్యుత్తు చాలా స్వల్పం. దాన్ని పెంచి 807 పంపే తరంగం మీదికి ఎక్కించాలి. ఆ పని చేసే యాంప్లిఫయరును మేమిద్దరం అల్యూమినియం రేకు పెట్టె మీద కట్టాం. మొదటి వాల్వు 12ఏఎక్స్7 మైకు సంకేతాన్ని 50 రెట్లకు పైగా పెంచుతుంది. అక్కణ్ణించి సంకేతం ఒక చిన్న కండెన్సరు గుండా 6ఎల్6జి అనే పెద్ద వాల్వు గ్రిడ్‌కు వెళ్తుంది.

ఈ కండెన్సరును (ఇప్పుడు కెపాసిటర్ అంటున్నాం) గుర్తుపెట్టుకోండి. దీని పని గుమ్మం దగ్గర కాపలావాడి పని. మాట తాలూకు ఏసీ సంకేతాన్ని లోపలికి పోనిస్తుంది. మొదటి వాల్వు ప్లేటు మీదుండే 150 వోల్టుల డీసీని ఆపేస్తుంది.

6ఎల్6జి గ్రిడ్‌ను 4 లక్షల 70 వేల ఓముల రెసిస్టరుతో రేకు పెట్టెకు కలిపాం. అంటే గ్రిడ్ సున్నా వోల్టుల దగ్గర ఉంటుంది. కేథోడుకు, పెట్టెకు మధ్య 170 ఓముల రెసిస్టరు ఉంది. అందులో సుమారు 80 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తే, ఓమ్ సూత్రం ప్రకారం 0.08 × 170 = 13.6 వోల్టులు. కేథోడు 13.6 దగ్గర, గ్రిడ్ సున్నా దగ్గర ఉంటే, కేథోడుతో పోల్చినప్పుడు గ్రిడ్ 13.6 వోల్టులు ఋణంగా ఉన్నట్టే కదా! తూము తలుపు ఉండాల్సినచోటే ఉందన్నమాట.

ప్లేటు ఎర్రబడింది

వానాకాలమంతా వాడకుండా ఉంచిన యాంప్లిఫయరును ఒకరోజు వేశాం. అయిదు నిమిషాల్లో 6ఎల్6జి ప్లేటు కాలిన పెనంలా ఎర్రబడింది. వాల్వు పోయిందనుకున్నాను. కొన్ని నెలలు దాచుకున్న డబ్బుతో, ఆయనకు చెప్పకుండానే, పాత రేడియోల దుకాణంలో ఇంకొకటి కొనుక్కొచ్చాను. అదీ ఎర్రబడింది!

పెద్దాయన వెంటనే స్విచ్ ఆపేశారు. "ఎర్రబడినవాడు దోషి కాదురా అబ్బాయ్, దెబ్బలు తింటున్నవాడు. కొడుతున్నదెవరో చూడు" అన్నారు. ఒక కాగితం ఇచ్చి, ఎక్కడెక్కడ ఎన్ని వోల్టులుండాలో ముందు రాయమన్నారు. కేథోడు 13.6, గ్రిడ్ సున్నా అని రాశాను. తర్వాత సెట్టు మళ్ళీ వేసి, ఆయనే మీటరు పట్టి కొలిచారు. నేను అంకెలు రాసుకున్నాను.

కేథోడు 20 వోల్టులు. అంటే 20 ÷ 170 = సుమారు 118 మిల్లీ ఆంపియర్లు! ప్లేటు తట్టుకోగల వేడి 19 వాట్లయితే, దాని మీద పడుతున్నది 25 వాట్ల పైమాటే. మరి కరెంటు ఎందుకు పెరిగింది? గ్రిడ్ చూశారు. సున్నా ఉండాల్సినచోట 12 వోల్టుల ధనం ఉంది. తూము తలుపును ఎవరో పైకెత్తి పట్టుకున్నారు!

గ్రిడ్‌కు ధన వోల్టేజి రెండు దారుల్లో రావచ్చు. కండెన్సరు కారుతూ ఉండాలి, లేదా వాల్వులోనే గాలి చేరి ఉండాలి. ఏది నిజం? సెట్టు ఆపి, కండెన్సరు రెండో కాలును గ్రిడ్ దగ్గర ఊడదీశారు. మళ్ళీ వేస్తే గ్రిడ్ సున్నాకు వచ్చింది, ఎరుపు పోయింది. వాల్వు నిర్దోషి. కాపలావాడే దొంగ!

అది మైనం పూసిన కాగితపు కండెన్సరు. సముద్రపు గాలిలోని తేమ పీల్చి డీసీని కొంచెం కొంచెంగా వదిలేస్తోంది. దాని బదులు ఓ చిన్న పాలియెస్టర్ కండెన్సరు వేస్తే అన్ని అంకెలూ కాగితం మీద ఉన్నట్టే వచ్చాయి. నేను వాల్వుకు పెట్టిన ఖర్చులో అది పదో వంతు కూడా కాదు.

ఒక హెచ్చరిక

వాల్వు సెట్టును మీరు తెరవకండి. అందులోని 250, 300 వోల్టులు ప్రాణం తీయగలవు. స్విచ్ ఆపి ప్లగ్ పీకినా పవర్ సప్లై కండెన్సర్లలో విద్యుదావేశం నిలిచి ఉంటుంది. పెద్దాయన ప్రతిసారీ ప్లగ్ పీకి, రెసిస్టరుతో ఆ ఆవేశాన్ని ఖాళీ చేసి, మీటరుతో సున్నా అయిందని చూసుకున్నాకే చెయ్యి పెట్టేవారు. సెట్టు వేసి కొలిచేటప్పుడు రెండో చెయ్యి జేబులోంచి తీసేవారు కారు. రెండు చేతులూ సెట్టుకు తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది.

మీరు చేసి చూడండి

అదే పద్ధతిని 9 వోల్టుల బ్యాటరీతో నేర్చుకోవచ్చు. ఎల్‌ఎం386 అనే ఐ.సి.తో చిన్న యాంప్లిఫయరు కట్టండి. శబ్దం రాకపోతే ఐ.సి. మార్చేయకండి. దాని 6వ కాలు దగ్గర బ్యాటరీ వోల్టేజి, 5వ కాలు దగ్గర అందులో సుమారు సగం ఉండాలి. ముందు ఈ అంకెలు రాసుకుని, తర్వాత కొలవండి. రెండూ సరిగ్గా ఉండీ స్పీకరు మోగకపోతే అనుమానం ఎవరి మీదికి పోవాలి? సంకేతం వచ్చే దారినీ, 5వ కాలు నుంచి స్పీకరు దాకా ఉన్న దారినీ వరసగా వెతకండి.

చివరగా ఒక ప్రశ్న. మా 6ఎల్6జి కేథోడు దగ్గర 20కి బదులు సున్నా వోల్టులు వచ్చి ఉంటే కారణం ఏమై ఉండేది? ఒకటి కంటే ఎక్కువ జవాబులున్నాయి. బొమ్మ గీసుకుని ఆలోచించండి.