చక్కెర వ్యాధి: పళ్ళెము ప్రక్కన ఒక నోటు పుస్తకము

వేములవాడలో గాని, సిరిసిల్లలో గాని నలుగురు పెద్దవారు కూర్చున్న చోట తప్పక వినబడే ప్రశ్న ఒకటున్నది: “నీకు షుగర్ ఎంతున్నది?” చాలామంది చెప్పే జవాబు మూడు నెలల క్రిందటి సంఖ్య. అది కూడా డాక్టరు దగ్గరకు వెళ్ళేముందు రెండు రోజులు అన్నము తగ్గించి, పరగడుపున చేయించుకొన్న పరీక్షది. ఆ ఒక్క సంఖ్యను చూచుకొని మిగిలిన తొంభై దినములు ధైర్యముగా ఉంటాము. కాని మన కళ్ళు, మూత్రపిండములు, పాదములు అనుభవించేది ఆ తొంభై దినముల చక్కెరను.

ఈ వ్యాధి ఇప్పుడు ఏ ఒక్క ఇంటి సమస్యో కాదు. మన దేశంలో 10 కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారని, మరి 13 కోట్లకు పైగా ప్రజలు దాని అంచున ఉన్నారని భారత వైద్య పరిశోధన మండలి వారి అధ్యయనం 2023లో తెలిపింది. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం హెల్త్ ప్రొఫైల్ పథకాన్ని ప్రయోగాత్మకంగా ప్రారంభించిన రెండు జిల్లాలలో మన రాజన్న సిరిసిల్ల ఒకటి, ములుగు రెండవది. 18 ఏళ్ళు దాటినవారికి ఇంటింటా పరీక్షలు చేయాలన్నది దాని ఉద్దేశం. వ్యాధి ఉన్నదని తెలిసికొనుట మొదటి మెట్టు. రెండవ మెట్టు మన వంటింట్లోనే ఉన్నది.

ఇంట్లో పరీక్ష ఎందుకు?

అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరుకు 12వ ఏటనే చక్కెర వ్యాధి వచ్చింది. రక్తంలో చక్కెరను కొలిచే యంత్రం ఆ రోజుల్లో డాక్టర్లకే అమ్మేవారు. ఆయన భార్య డాక్టరు గనుక 1969లో ఆమె పేరున ఒకటి తెప్పించుకొన్నాడు. రోజుకు అనేకసార్లు కొలిచి, ఏ ఆహారము తింటే ఎంత పెరుగుచున్నదో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత తగ్గుచున్నదో వ్రాసికొన్నాడు. తరువాత తానే వైద్యవిద్య చదివి డాక్టరయ్యాడు. 2025లో మరణించేనాటికి ఆయన వయస్సు 90 ఏళ్ళు. ఆనాడు ఆయన అంత కష్టపడి సంపాదించిన సాధనం నేడు మన మందుల దుకాణంలో దొరుకుతుంది.

రొట్టె తింటే చాలునా?

“అన్నం మానేసి జొన్నరొట్టె తింటున్నాను, అయినా తగ్గడం లేదు” అనేవారు మన ప్రాంతంలో ఎందరో. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల బియ్యంలో పిండిపదార్థము సుమారు 78 గ్రాములు, జొన్నలలో సుమారు 68 గ్రాములు. తేడా కొద్దిదే. జొన్నల మేలు పీచులో ఉన్నది: బియ్యంలో సుమారు 3 గ్రాములుంటే జొన్నలలో 10 గ్రాములు. కాబట్టి రెండు రొట్టెలు మేలు చేయవచ్చును గాని, నాలుగు రొట్టెలు అన్నము చేసే పనే చేస్తాయి. మక్క గటకకు, అంబలికి కూడా ఇదే లెక్క.

పళ్ళెములో సగము పుంటికూర, తోటకూర, బీరకాయ, సొరకాయ వంటి కూరలుండాలి. పావు భాగము పప్పు, గుడ్డు, చేప లేక చికెన్. మిగిలిన పావు మాత్రమే అన్నము లేక రొట్టె. తిన్న తరువాత పది, పదిహేను నిమిషములు నడవాలి. చాట ఒడిలో పెట్టుకొని దినమంతా బీడీలు చుట్టే అక్కచెల్లెళ్ళకు ఈ నడక మరీ అవసరం.

జంట పరీక్ష

ఒక్క పరగడుపు పరీక్ష మీ పళ్ళెము గురించి ఏమీ చెప్పదు. భోజనానికి ముందు ఒకటి, మొదటి ముద్ద తిన్న రెండు గంటలకు మరొకటి చేయండి. సాధారణంగా డాక్టర్లు పెట్టే గురి తినకముందు 80 నుండి 130, తిన్నాక 180 లోపు. వయస్సును బట్టి మీ డాక్టరు వేరే గురి చెప్పవచ్చును. ముందు 130 ఉండి తరువాత 230 అయితే ఆ భోజనము 100 పెంచింది. మరొక రోజు అదే కూరతో అన్నము సగము చేసి మళ్ళీ చూడండి. జవాబు మీకే తెలుస్తుంది.

స్ట్రిప్పుల ఖర్చు భారమే. అయితే ఇన్సులిన్ తీసుకోనివారు వారంలో ఒకరోజు ఉదయం, ఒకరోజు మధ్యాహ్నం, ఒకరోజు రాత్రి జంట పరీక్ష చేసికొంటే ఆరు స్ట్రిప్పులతో మూడు పూటల సంగతి తెలుస్తుంది.

చేతులు సబ్బుతో కడిగి బాగా తుడుచుకోండి. మామిడిపండు రసం వేలికి అంటియుంటే సంఖ్య తప్పుగా పెరుగుతుంది. వేలి కొసన కాక ప్రక్కన పొడిస్తే నొప్పి తక్కువ. ఒకరి సూది మరొకరు వాడరాదు. స్ట్రిప్పుల డబ్బా మూత గట్టిగా పెట్టండి. మన ఎండలకు కిటికీ దగ్గర, రేకుల క్రింద ఉంచితే అవి చెడిపోతాయి.

తగ్గినా ప్రమాదమే

చెమటలు, వణుకు, విపరీతమైన ఆకలి, తికమక కలిగితే వెంటనే కొలవండి. 70కి తగ్గితే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి త్రాగి, పదిహేను నిమిషాలకు మరల చూడండి. స్పృహ లేనివారి నోట ఏమీ పోయక ఆసుపత్రికి తీసికొనిపోవాలి. ఇన్సులిన్ గాని, గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గాని వేసికొని భోజనం తప్పించరాదు. సోమవారాల్లో, శివరాత్రి జాతరలో గిరాకీ వదలలేక మధ్యాహ్నము మూడింటి వరకు తినని దుకాణదారులు దీన్ని గుర్తుంచుకోవాలి. ఉపవాస ప్రార్థనకు పూనుకొనేవారు కూడా ముందుగా డాక్టరును అడగాలి. అడుగుట అవిశ్వాసము కాదు.

కాకర రసము త్రాగుచున్నామని మాత్రలు మానేయవద్దు. మూడు నెలల సగటు తెలిపే పరీక్ష, ఏడాదికొకసారి కళ్ళ పరీక్ష, మూత్ర పరీక్ష చేయించుకోవాలి. ప్రతి రాత్రి పాదములు చూచుకోవాలి.

తేదీ, తిన్నది, ముందు సంఖ్య, తరువాత సంఖ్య – ఈ నాలుగు గళ్ళు గీసిన నోటు పుస్తకము వంటింట్లో పెట్టండి. కళ్ళు కనబడని తల్లిదండ్రులకు పిల్లలు వ్రాసిపెట్టండి. ఎక్కువ వచ్చిన రోజున ఎవరూ వారిని గద్దించవద్దు. గద్దిస్తే మరునాడు వారు కొలుచుకోరు. ఈసారి డాక్టరు దగ్గరకు రెండు రోజుల ఉపవాసముతో కాక, ఆ పుస్తకముతో వెళ్ళండి.