జబ్బు కిడ్నీది, నొప్పి కీళ్లకా?

"తాతయ్యకి కిడ్నీలు పాడయ్యాయన్నారు. అవి నడుము దగ్గర కదా ఉండేది! మరి కాలి బొటనవేలు ఎందుకు వాచింది?" అని ఒక పాప అడిగింది.

అడగాల్సిన ప్రశ్నే. కిడ్నీ అనగానే మనకు మూత్రమే గుర్తొస్తుంది. కానీ రక్తంలో ఏది ఎంత ఉండాలో చూసుకునేదీ కిడ్నీయే.

ముందు బొటనవేలి సంగతి. పాత కణాలు విరిగినప్పుడూ, మాంసం, చేపలు అరిగినప్పుడూ ఒంట్లో యూరిక్ యాసిడ్ తయారవుతుంది. అందులో సుమారు మూడింట రెండొంతులు మూత్రంలో పోవాలి. కిడ్నీ మందగిస్తే అది రక్తంలోనే నిలిచిపోతుంది. డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటాక ఇక కరగడం కష్టం. చల్లారిన పాకంలో చక్కెర పలుకులు కట్టినట్టు, కీళ్లలో సన్నటి పలుకులు కడుతుంది. కాలివేళ్లు మిగతా ఒంటికన్నా చల్లగా ఉంటాయి కాబట్టి తరచుగా మొదట అక్కడే. తెల్ల రక్తకణాలు ఆ పలుకుల మీద పడతాయి. రాత్రి బాగానే పడుకున్న మనిషి తెల్లవారుజామున లేచి, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేక కాలు బయటపెట్టి కూర్చుంటాడు. ఇదే గౌట్. యూరిక్ యాసిడ్ పెరిగిన ప్రతివారికీ రాదు.

ఎముకల నొప్పికి దారి వేరు. పాలు, పప్పులు, మాంసంలోని ఫాస్ఫరస్ ఎక్కువైతే బయటికి పంపేది కిడ్నీ. విటమిన్ డిని ఒంటికి పనికొచ్చేలా మార్చేదీ అదే. ఈ రెండూ కుంటుపడితే రక్తంలో ఫాస్ఫరస్ పెరిగి, కాల్షియం తగ్గుతుంది. కాల్షియం లేనిదే గుండె, కండరాలు సరిగా నడవవు. అందుకని మెడలో థైరాయిడ్ వెనక ఉండే పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి దాన్ని తీయిస్తాయి. ఏళ్ల తరబడి ఇలా తీస్తూ పోతే ఎముక బలహీనపడి, నొప్పి మొదలవుతుంది.

ఏళ్లుగా డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో కొందరికి భుజాలు పట్టేస్తాయి, రాత్రిళ్లు చేతివేళ్లు తిమ్మిరెక్కుతాయి. డయాలసిస్‌లో సరిగా పోని ఒక ప్రొటీన్ కీళ్ల దగ్గర పేరుకోవడం దీనికి ఒక కారణం.

అసలు చిక్కు నొప్పి కన్నా నొప్పి మాత్రతోనే. మందుల షాపులో "కాళ్ల నొప్పులండీ" అంటే చేతిలో పెట్టేది తరచుగా డైక్లోఫినాక్ లాంటిదే. వాపు పుట్టించే రసాయనాలను అది ఆపుతుంది. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నని నాళాన్ని తెరిచి ఉంచేవి కూడా ఆ కోవ రసాయనాలే. అవి ఆగితే నాళం బిగుస్తుంది, కిడ్నీకి రక్తం తగ్గుతుంది. బాగున్న కిడ్నీ ఒకటి రెండు మాత్రలకు తట్టుకుంటుందేమో గానీ, దెబ్బతిన్నదానికి ఆ ఓపిక ఉండదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీ జబ్బులకు కారణాలు వెతికినవాళ్లు ఈ మాత్రల వాడకాన్నీ అనుమానించారు. అసలు కారణం మాత్రం తేలలేదు. కాబట్టి ఏ మాత్ర అయినా కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష రిపోర్టు డాక్టరుకు చూపించాకే. కీలు ఎర్రగా వాచి జ్వరం కూడా ఉంటే అది ఇన్ఫెక్షన్ కావచ్చు, ఆ రోజే వెళ్లాలి.

ఇక గౌట్ మందు సంగతి. యూరిక్ యాసిడ్ తగ్గించే అలోప్యూరినాల్‌ను కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. మొదటి నెలల్లో నొప్పి మళ్లీ తిరగబెట్టవచ్చు. మందు పనిచేయక కాదు, పాత పలుకులు కరుగుతూ కదులుతాయి గనక. భయపడి ఆపేయకుండా డాక్టరుకు చెబితే, అందుకు వేరే మందు తోడుగా ఇస్తారు.