స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్‌లు - ఫర్మ్‌వేర్ పరిమితులు: కంప్యూటర్ ఎంపిక

లినక్స్‌ను స్థాపించుకున్నంత మాత్రాన కంప్యూటరులో నడిచేదంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే అనుకోవడం సరికాదు. ఆపరేటింగ్ సిస్టమ్ కంటె ముందే మదర్‌బోర్డు చిప్‌లోని ప్రోగ్రాము పని మొదలుపెడుతుంది. వైఫై కార్డు, గ్రాఫిక్స్ చిప్ వంటి భాగాలకూ సొంత ప్రోగ్రాములుంటాయి. వీటినే ఫర్మ్‌వేర్ అంటారు. చాలావాటి సోర్స్ కోడ్‌ను తయారీదారులు వెల్లడించరు. కాబట్టి వినియోగదారుని స్వేచ్ఛ ఎంతవరకన్నది చాలావరకు యంత్రం కొన్ననాడే తేలిపోతుంది.

ఎక్కువగా చర్చకు వచ్చిన పరిమితి సెక్యూర్ బూట్. గుర్తింపు పొందిన డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రామునే ఇది మొదలుకానిస్తుంది. 2012లో విండోస్ 8 ధ్రువీకరణ నిబంధనలు ఎక్స్86 కంప్యూటర్లలో దీనిని ఆపివేసే వీలు ఉండాలన్నాయి. ఆర్మ్ పరికరాలలో ఉండరాదన్నాయి. ఒకే నిబంధనావళిలో రెండు నీతులు! విండోస్ 10 నాటికి మొదటి వీలు కూడా తయారీదారు ఇష్టానికి వదిలేశారు. అయితే మైక్రోసాఫ్ట్ సంతకం పొందిన షిమ్ అనే చిన్న ప్రోగ్రాము ద్వారా ఉబుంటు, ఫెడోరా, డెబియన్ ఈ అడ్డంకిని దాటుతున్నాయి.

ఇంతకంటె చిక్కైనది ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్. ప్రధాన ప్రాసెసర్‌తో నిమిత్తం లేకుండా నడిచే ఈ ఉపవ్యవస్థ ఇంటెల్ సంతకమున్న ఫర్మ్‌వేరునే స్వీకరిస్తుంది. 2008 నాటి థింక్‌ప్యాడ్ ఎక్స్200లో దాని ఫర్మ్‌వేరును పూర్తిగా తొలగించి, లిబ్రెబూట్ వేసుకోవచ్చు. తరువాతి తరాలలో అలా తొలగిస్తే యంత్రం సుమారు 30 నిమిషాలకు ఆగిపోతుంది. స్వేచ్ఛావాదులు ఇప్పటికీ ఆ పాత యంత్రాన్ని ఆశ్రయించడానికి కారణమిదే. తెలుగు టైపు చేయడానికి, పీడీఎఫ్‌లు చదవడానికి అది చాలు. గరిష్ఠంగా 8 జీబీ మెమరీతో పెద్ద గ్రంథాలకు ఓసీఆర్ చేయబూనితే మాత్రం ఓపిక కావాలి.

వైఫై విషయంలో ఒక సైద్ధాంతిక వివాదముంది. ఎథెరోస్ కార్డులలో ఎథ్9కె డ్రైవరుతో నడిచేవాటికి విడిగా ఫర్మ్‌వేర్ ఫైలు అక్కరలేదు. ఇంటెల్ కార్డులకు కావాలి. ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ధ్రువీకరణ, ఉపప్రాసెసర్‌లో స్థిరంగా ఉండిపోయే మూసిన ఫర్మ్‌వేరును మినహాయిస్తుంది; డిస్కు నుంచి ఎక్కించేదాన్ని అంగీకరించదు. ఈ విభజన నాకు బలహీనంగా తోస్తున్నది. కంటికి కనబడనంత మాత్రాన అది స్వేచ్ఛా ప్రోగ్రాము కాబోదు. పైగా ఫైలు రూపంలో ఉన్నదానికి ఎప్పటికైనా ప్రత్యామ్నాయం రాసే అవకాశముంది. 2022లో జరిగిన ఓటింగు ననుసరించి డెబియన్, 12వ విడుదల (2023) నుంచి ఇటువంటి ఫర్మ్‌వేరును అధికారిక ఇన్‌స్టాలరులోనే చేర్చింది. ఆచరణలో ఇదే మేలు. తెలుగులో మెనూలన్నీ ఉన్నా వైఫై పనిచేయని ల్యాప్‌టాప్ పరిశోధకునికి ఎందుకు కొరగాదు.

కొనే ముందు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్‌ను నడిపి వైఫై, శబ్దం, నిద్రావస్థ నుంచి తిరిగి లేవడం పరీక్షించాలి. కళాశాల ప్రయోగశాలకైతే సెక్యూర్ బూట్‌ను ఆపే వీలు, బయాస్ పాస్‌వర్డ్ అప్పగింత అనే రెండు షరతులను టెండరు పత్రంలోనే రాయించాలి. సరఫరా పూర్తయ్యాక అడిగితే సరఫరాదారుకు ఆ బాధ్యత ఉండదు.