ప్రాస పెద్దదా? పలుకు పెద్దదా?

కృష్ణానదికి చేరువలో, మామిడితోటలకు పేరుపడిన కొల్లాపురము సాహిత్యాభిమానులకు వేరొక కారణమున పరిచితమైన ఊరు. సురభి వంశీయులు పాలించిన జటప్రోలు సంస్థానమునకు ఇది కడపటి రాజధాని. ఈ సంస్థానము నాశ్రయించిన మహామహోపాధ్యాయుడు ఎలకూచి బాలసరస్వతి 17వ శతాబ్దమున “రాఘవయాదవపాండవీయము” అను కావ్యమును రచించినాడు. అందలి పద్యమును ఒక తీరుగ విడదీసిన రామకథ, మరియొక తీరుగ విడదీసిన కృష్ణకథ, వేరొక తీరుగ విడదీసిన పాండవకథ స్ఫురించును. ప్రభువైన సురభి మాధవరాయలు సైతము శ్లేషచమత్కృతులతో నిండిన “చంద్రికాపరిణయము” రచించినాడు. మాటను ఇంతగా మలచి, వంచి, సానబట్టిన సీమలు తెలుగునాట అరుదు.

ఆ సీమలోని పాఠశాలల పిల్లల నోట నేడు క్రొత్త లయ యొకటి ఆడుచున్నది. దానిని ర్యాప్ అందురు. తాళమునకు తగినట్లు వేగముగ మాటలను పేర్చి, ప్రాసపై ప్రాస దొరలించుట దాని పద్ధతి. దాని అభిమానులలో ఎడతెగని వాదమొకటి కలదు. ప్రాసకట్టుటలో నేర్పు గొప్పదా, చెప్పెడి విషయము గొప్పదా? ప్రశ్న క్రొత్తదిగ దోచును గాని, కొల్లాపురమునకు ఇది మూడువందల యేండ్లనాటి పాతచుట్టము.

ర్యాప్ పుట్టుకను సాధారణముగ 1973 ఆగస్టు 11వ తేదీతో ముడిపెట్టుదురు. న్యూయార్కు నగరములో బ్రాంక్స్ అను పేదల పేటలో, జమైకానుండి వచ్చిన కూల్ హెర్క్ అను యువకుడు ఒక వేడుకలో వాద్యభాగములను మరల మరల వినిపించి జనులను ఆడించినాడు. ఆ లయపై పలికిన మాటలే క్రమముగ పాటలైనవి. 1982లో వెలువడిన “ది మెసేజ్” అను పాట మురికివాడల బ్రతుకును కండ్లకు గట్టినది. 1987లో రాకిమ్ అను గాయకుడు చరణాంతమందే గాక చరణమధ్యమందును ప్రాసలను గుదిగ్రుచ్చి విద్యయొక్క స్థాయిని మార్చివేసినాడు. ఒకరిది విషయబలము, ఒకరిది శిల్పబలము. 2018లో కెండ్రిక్ లమార్ రచనకు సంగీతమున పులిట్జరు బహుమతి లభించినది. పాశ్చాత్య శాస్త్రీయసంగీతమునకు, జాజునకు వెలుపలి రచనకు ఆ గౌరవము దక్కుట అదియే మొదలు.

నేర్పు పక్షమున చెప్పదగిన దేమి? మన అవధానమును తలచుకొన్నచో విషయము తేటపడును. సమస్య, దత్తపది, నిషిద్ధాక్షరి ఇచ్చి పృచ్ఛకులు అవధానిని చుట్టుముట్టుదురు. అచ్చట ఎవ్వరును జీవితసత్యమును కోరరు. తడబడని ధారను, దాటరాని నియమమును దాటకయే గెలుచుటను కోరుదురు. తిరుపతి వేంకటకవులు గద్వాల, ఆత్మకూరు సంస్థానములకు వచ్చినప్పుడు సభలు మెచ్చినది ఈ విద్యనే. ఎదురెదురుగ నిలిచి ప్రాసలతో పోటీపడు ర్యాప్ గాయకులును ఒక విధమున అవధానులే. ఆ సభకు నేర్పే కొలబద్ద. దానిని విషయము లేదని నిందించుట, కుస్తీ గోదాలో ధర్మోపన్యాసము లేదని నిందించుట వంటిది.

అయితే సభ ముగిసిన తరువాత మనసులో నిలుచున దేది? ఇచ్చట పింగళి సూరన సాక్ష్యము విలువైనది. ఆయన “రాఘవపాండవీయము”లో రామభారతకథలను ఒకే పద్యములలో నడపినాడు. “కళాపూర్ణోదయము”లో విచిత్రమైన కథను మనుష్యస్వభావజ్ఞానముతో అల్లినాడు. కవి యొక్కడే, చేయి యొక్కటే. మొదటిదానిని పండితులు వ్యాఖ్యానము చేతబట్టి మెచ్చుకొందురు. రెండవదానిని పాఠకులు కథకై చదువుకొందురు. మమ్మటుడు చిత్రకావ్యమును కడపటి తరగతిలో నిలిపినది ఊరక కాదు. అట్లని బాలసరస్వతి శ్రమ వ్యర్థమనరాదు. తెలుగుమాట ఎంతవరకు వంగును, ఎన్ని అర్థములు మోయును అను పరీక్షను ఆయన చేసి చూపినాడు. అట్టి పరీక్షలవలన భాషకు సత్తువ పెరుగును.

విషయపక్షమునకును ప్రాచీనమైన అండ కలదు. పాల్కురికి సోమనాథుడు సంస్కృతభూయిష్ఠమైన రచన సర్వసామాన్యము కాదని తలచి, “బసవపురాణము”ను జానుతెనుగున ద్విపదగ నడపినాడు. యతిప్రాసల విషయమున స్వేచ్ఛ తీసికొన్నాడు. ప్రాస తప్పనిసరియైన కందమును, వృత్తములను కాదని వేమన ఆటవెలదిని చేపట్టినాడు. ఆ ఛందస్సున ప్రాసనియమము లేదు. కాని ఆటవెలదికి యతి కలదు, గణములు కలవు, తూగు కలదు. ఒక బరువు దించుకొన్నవాడు తక్కిన బరువులను ఎంత ఒడుపుగ మోసినాడో గమనింపవలెను. చెప్పవలసినది మంచిది గనుక ఎట్లు చెప్పినను చాలునను ధీమా వేమనకు లేదు.

ఈ తగవునకు చక్కని తీర్పు ఆనందవర్ధనుని మాటలో దొరకును. కవి రసావేశమున నుండగా, ప్రత్యేకయత్నము లేకుండ దానంతట వచ్చిన అలంకారమే సహజమైనదని ఆయన అభిప్రాయము. యమకమువంటి వానికై కవి ప్రత్యేకముగ మాటలను వెదకవలసి వచ్చును. ఆ వెదకులాటలో రసము జారిపోవును. అనగా అడుగవలసినది ప్రాస ఉన్నదా లేదా యని కాదు. ప్రాస తీసివేసినచో అర్థము కూడ కూలునా, చెక్కుచెదరక నిలుచునా యని.

ఈ పరీక్షకు పాలమూరు సీమలోనే మేలైన ఉదాహరణము కలదు. నేటి నాగర్‌కర్నూలు జిల్లాలోని గౌరారమున పుట్టిన గోరటి వెంకన్న, “కుబుసము” అను 2002నాటి చిత్రమునకు పల్లె కన్నీటిని గూర్చి పాట వ్రాసినాడు. అందు కుమ్మరి ఆవము పాడుపడి తుమ్మలు మొలచిన దృశ్యము కలదు. కమ్మరి కొలిమిలో దుమ్ము పేరుకొన్న దృశ్యము కలదు. కుమ్మరికి తుమ్మ, కమ్మరికి దుమ్ము! ద్విత్వమకారము చెవికి ఇంపు గూర్చునంతలోనే పనిముట్టు మూలబడిన సంగతి గుండెకు తగులును. అక్షరము కలిసినచోటనే బ్రతుకు తెగినది. ఆ ప్రాసను తొలగించిన వార్త మిగులును గాని పాట మిగులదు. ఈ కవియే “వల్లంకి తాళము” అను సంపుటికి 2021 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందినాడు.

ఉపాధ్యాయులకు ఇందు పని యున్నది. పరీక్షలకై గురులఘువులు గుర్తించి, గణవిభజన చేసి, యతిస్థానము క్రింద గీత గీయించుటతో ఛందోబోధ ముగియుచున్నది. బాలునకు ప్రాస యనగా రెండు మార్కుల ప్రశ్న. ఆ బాలుడే బడి వెలుపల ర్యాప్ కట్టుచు ప్రాసకై తపించుచున్నాడు. ఈ రెండును ఒకే విద్యయని వానికి చెప్పువారు కావలెను.

ఒక చిన్న ప్రయత్నము చాలును. “నీరు” అను మాట నల్లబల్లపై వ్రాసి, దానికి కలియు మాటలు చెప్పుడని అడుగవలెను. ఊరు, పైరు, ఏరు, పేరు, పోరు అని వచ్చును. పిమ్మట ఆ మాటలకు సంబంధము కట్టుమనవలెను. నీరు లేనిచో పైరు లేదు. పైరు లేనిచో ఊరు నిలువదు. ఊరు విడిచినవానికి పరాయి నగరమున పేరుండదు, కూలివాడనియే పిలుపు. పాలమూరు వలసకథ అయిదారు మాటలలో ఇమిడినది. ప్రాసను వెదకబోయిన బాలునకు విషయమే ఎదురైనది. ప్రాస వట్టి అలంకారమనువారు ఈ సంగతిని మరచెదరు: అది తలపును తలపునకు చేర్చు త్రోవ కూడ.

కనుక తూకము వేయక తప్పదనినచో పలుకే పెద్దది. కాని నేర్పు లేని పలుకు సభలో అరచి ఇంటికి చేరకముందే చల్లారు నినాదము. పిల్లవాడు తాను కట్టిన పాట వినిపించినప్పుడు గురువు ముందుగ ప్రాసను మెచ్చవలెను, పిమ్మట, “ఇది ఎవరి సంగతి నాయనా?” అని అడుగవలెను. ఆ ప్రశ్నకు జవాబు వెదకుకొన్ననాడు వాని రెండవ పాట మొదటిదానికన్న మేలుగ నుండును.